ఆటిజం, ఏడీహెచ్‌డీ ఉన్నవాళ్లకు కారు నడపడం నేర్పేదెలా

మన దగ్గర డ్రైవింగ్ నేర్పేది చాలావరకు అందాజు మీదే. "గ్యాప్ చూసుకుని దూర్చెయ్", "కాస్త కొయ్యి", "క్లచ్ మెల్లిగా వదులు", "ఎదుటోడు ఆగుతాడ్లే, పోనీ". మామూలు కుర్రాడు పది రోజులు తిరిగేసరికి ఈ మాటలకు అర్థం తనే వెతుక్కుంటాడు. ఆటిజం, ఏడీహెచ్‌డీ (మనసు ఒకచోట నిలవకపోవడం), డిస్లెక్సియా (అక్షరాలు చదవడంలో ఇబ్బంది), డిస్ప్రాక్సియా (కాళ్లూ చేతులూ కూడదీసుకుని పనిచేయడంలో ఇబ్బంది) ఉన్నవాళ్లు ఆగిపోయేది ఇక్కడే. కాస్త అంటే ఎంత? మెల్లిగా అంటే ఎన్ని సెకన్లు? ఆ అడిగే ప్రశ్నలో తప్పేమీ లేదు, చెప్పేవాడి దగ్గర జవాబు లేదంతే. ప్రతి అందాజుకూ ఒక కొలత కట్టి చెబితే వీళ్లలో చాలామంది బండి పద్ధతిగా నడుపుతారు. కట్టకపోతే నెల తిరక్కుండానే "వీడికి రాదులే" అని ముద్ర వేసేస్తాం.

అమెరికాలోని న్యూజెర్సీ రాష్ట్రంలో లైసెన్సు రికార్డులనీ ప్రమాదాల రికార్డులనీ కలిపి చూసిన అధ్యయనాలున్నాయి. ఏడీహెచ్‌డీ ఉన్న కొత్త డ్రైవర్లకు ప్రమాదాలు మిగతావాళ్ల కంటే 36 శాతం ఎక్కువని 2017లో వచ్చినది చెప్పింది. ఆటిజం ఉన్న కొత్త డ్రైవర్ల ప్రమాదాల లెక్క మిగతావాళ్లతో ఇంచుమించు సమానమేననీ, రూలు తప్పిన కేసులు తక్కువనీ 2021 నాటిది చెప్పింది. కాకపోతే వాళ్లు ప్రమాదం చేసిన చోట్ల దారి ఇవ్వకపోవడం, యూటర్న్, ఎదుటి వరసను దాటుకుని తిరగడం ఎక్కువగా కనిపించాయి. అక్కడ బండ్లు రోడ్డుకు కుడివైపున నడుస్తాయి కాబట్టి ఎదుటి వరసను దాటే అక్కడి ఎడమ మలుపంటే మన కుడి మలుపు. అందుకే కింద కుడి మలుపుకే ఎక్కువ చోటు ఇచ్చాం.

బండి ఎక్కించక ముందు

గేర్లున్న బైకుకీ కారుకీ 18 ఏళ్లు నిండాలి. 16 ఏళ్లకు ఇచ్చేది 50 సీసీ లోపు గేర్లు లేని బండికే. "ఊరి రోడ్డే కదా" అని పదిహేడేళ్ల పిల్లాడికి తాళాలు ఇస్తే మోటారు వాహనాల చట్టం 199ఎ కింద శిక్ష పడేది పెద్దవాళ్లకు: మూడేళ్ల దాకా జైలు, 25 వేల జరిమానా, ఏడాదిపాటు బండి రిజిస్ట్రేషన్ రద్దు. ఆ పిల్లాడికి 25 ఏళ్లు వచ్చేదాకా లైసెన్సు రాదు. కొత్త విషయం ఒకసారి చెడితే మళ్లీ దాని జోలికి పోని మనస్తత్వం ఉన్నవాడికి ఇది మరీ చేటు.

ఎల్‌ఎల్‌ఆర్ (నేర్చుకునేవాళ్ల లైసెన్సు) దరఖాస్తులో ఫారం 1 అనే స్వీయ ప్రకటన ఉంటుంది. మూర్ఛ ఉందా, హఠాత్తుగా స్పృహ తప్పుతుందా అని అందులో అడుగుతారు. ఆటిజంతో పాటు మూర్ఛ ఉన్నవాళ్లు తక్కువేం కాదు కాబట్టి ఇది దాచే విషయం కాదు. ఫిట్స్ వచ్చిన చరిత్ర ఉంటే న్యూరాలజిస్టు మాట తేలేదాకా స్టీరింగ్ ఊసే వద్దు. ఏడీహెచ్‌డీకి మిథైల్‌ఫెనిడేట్ వాడుతుంటే డాక్టరును ఒక్కటి సూటిగా అడగండి: ఈ మాత్ర పనిచేసేది ఏ గంట నుంచి ఏ గంట దాకా? తక్కువ వ్యవధి మాత్రయితే సుమారు నాలుగు గంటలు. పాఠం ఆ నాలుగు గంటల్లోనే పడాలి. సాయంత్రం మందు దిగిపోయే వేళ ఆఫీసులు వదిలే ట్రాఫిక్కూ కలిసిందంటే ఆ రోజు పాఠం మానేయడమే మంచిది.

ఎల్‌ఎల్‌ఆర్ గడువు ఆరు నెలలు, పక్కా టెస్టుకు కనీసం 30 రోజులు ఆగాలి. వీళ్లకు ఆరు నెలలు ఇట్టే కరిగిపోతాయి. కాబట్టి కింద చెప్పే పక్కసీటు పాఠాలు పూర్తయ్యాకే ఎల్‌ఎల్‌ఆర్‌కు పెట్టండి. లైట్ మోటార్ వాహనానికి డ్రైవింగ్ స్కూలు కనీసం 21 రోజులు, అందులో 10 గంటలు బండి నడిపించాలని నిబంధన. వీళ్ల విషయంలో 30 గంటలకు తక్కువ లెక్క వేసుకోవద్దు.

సిద్ధంగా ఉన్నారో లేదో సైకిలు చెప్పేస్తుంది. వీధి చివరి దుకాణం దాకా సైకిలు మీద వెళ్లి, దారిలో రోడ్డు తవ్వేసి ఉంటే వేరే సందులోంచి తిరిగి రాగలరా? వెనక గట్టిగా హారన్ మోగినప్పుడు ఉలిక్కిపడ్డా మూడు నాలుగు సెకన్లలో తేరుకుంటారా? "ఇంక నా వల్ల కాదు, ఆపుదాం" అని నోటితో చెప్పగలరా? మూడింటికీ అవునంటే మొదలుపెట్టండి. మూడోది లేకపోతే ముందు అది నేర్పాలి, మిగతావన్నీ దాని తర్వాతే. ఇవేవీ కుదరనివాళ్లు బస్సుకో ఆటోకో అలవాటు పడటంలో చిన్నతనం ఏమీ లేదు. గంటకు 25 కిలోమీటర్లు దాటని, 250 వాట్ల లోపు ఎలక్ట్రిక్ సైకిలుకు లైసెన్సు అక్కర్లేదు. ఊళ్లో తిరగడానికి కొందరికి అదే సరిపోతుంది.

ఏ బండి, పక్కన ఎవరు

కాళ్లూ చేతులూ వేర్వేరు పనులు ఒకేసారి చేయడం కష్టమైనవాళ్లకు, అంటే డిస్ప్రాక్సియా ఉన్నవాళ్లకు, ఆటోమేటిక్ కారు పెట్టండి. మన దగ్గర కారు లైసెన్సులో గేరు బండి, ఆటోమేటిక్ అని తేడా లేదు. చవకలో వచ్చే ఏఎంటీ (క్లచ్, గేర్ల పని మోటారే చేసే రకం) కార్లలో ఒక చిక్కుంది: ఎత్తు మీద బండిని కాసేపు పట్టి ఉంచే హిల్ హోల్డ్ లేని మోడల్ అయితే ఎత్తు మీద బ్రేకు వదలగానే వెనక్కి జారుతుంది. ఏడీహెచ్‌డీ ఉన్నవాళ్లలో కొందరికి గేరు బండే నయం, చేతికి పని ఉంటే మనసు రోడ్డు మీద ఉంటుంది. రెండూ చెరో గంట నడిపించి చూడండి.

రోడ్డెక్కే మొదటి పది పన్నెండు గంటలు డ్రైవింగ్ స్కూలు బండిలోనే జరగాలి. మాస్టారి కాళ్ల దగ్గర బ్రేకు, క్లచ్ ఉంటాయి. సొంత కారులో పక్కన కూర్చున్నవాడి చేతికి అందేది హ్యాండ్ బ్రేకొక్కటే. వేగంలో ఉండగా దాన్ని ఒక్క గుంజు గుంజితే వెనక చక్రాలు బిగుసుకుని బండి పక్కకు తిరుగుతుంది. బటన్ నొక్కి పట్టుకుని విడతలుగా లాగాలి. అది కూడా ఖాళీ మైదానంలో ముందే సాధన చేసుకోండి. బటన్‌తో పనిచేసే ఎలక్ట్రిక్ పార్కింగ్ బ్రేకు ఉన్న కారులో ఇలా విడతలుగా లాగడం కుదరదు.

పక్క సీట్లో నాన్న ఉండాలనేం లేదు. గొంతు పెరగని మేనమామో, బాబాయో, అక్కో నయం. వెనక సీట్లో మాత్రం ఎవరూ వద్దు. అమ్మ వెనక నుంచి "జాగ్రత్త నాన్నా" అన్నా సరే, నడిపేవాడికి అది ఇంకో ఆదేశం కిందే లెక్క.

పక్కసీటు పాఠాలు

మూడు నాలుగు వారాలపాటు నేర్చుకునే మనిషి పక్క సీట్లో కూర్చుని, నడిపేవాళ్ల బదులు నోటితో బండి నడపాలి. రోజూ ఒకే దారి. ఆమదాలవలస నుంచి శ్రీకాకుళం వచ్చే రోడ్డు దీనికి బాగుంటుంది, షేరాటోలు ఎక్కడంటే అక్కడ ఆగుతాయి. చెప్పే వరస మూడు ముక్కలు: ఏముంది, ఏం చేయొచ్చు, నేనేం చేస్తాను. "ఎడమన ఆటో ఆగి ఉంది. జనం ఇటు దిగొచ్చు. వేగం తగ్గించి కుడికి జరుగుతా."

ఆటిజం ఉన్నవాళ్లు ఇక్కడ కనిపించినదల్లా చెబుతారు. ఫ్లెక్సీలు, దుకాణాల పేర్లు, గోడ మీద పాత పోస్టరు, అన్నీ. వద్దనకండి, జల్లెడ ఇవ్వండి: చక్రాలు, కాళ్లు, లైట్లు. ఈ మూడే చెప్పాలి. ఆగి ఉన్న ఆటో డ్రైవరు ఏం అనుకుంటున్నాడో తెలియదు గానీ దాని ముందు చక్రం రోడ్డు వైపు తిరిగిందంటే కదలబోతోందని తెలుస్తుంది. ఆగిన పల్లెవెలుగు బస్సు ముందు నుంచి ఎవరు దూకుతారో తెలియదు, బస్సు కింద నుంచి చూస్తే అవతల నడుస్తున్న కాళ్లు కనిపిస్తాయి. మనుషుల ముఖాలూ సైగలూ చదవడం కష్టమైనవాళ్లకు ఇది పెద్ద ఆసరా. ముఖం కంటే చక్రం నిజం చెబుతుంది.

డిస్లెక్సియా ఉన్నవాళ్లకు బోర్డులు అక్షరాలతో కాకుండా ఆకారంతో నేర్పండి. త్రికోణం హెచ్చరిక, ఎర్ర అంచు గుండ్రం వద్దనడం, నీలం గుండ్రం తప్పనిసరి, నీలం చదరం సమాచారం, ఎనిమిది మూలలది ఆగు, తలకిందుల త్రికోణం దారి ఇవ్వు. కుడి ఎడమలు తారుమారయ్యేవాళ్లకు ఎడమ చేతికి వాచీ పెట్టించి "వాచీ వైపు" అనండి. అవసరమైతే ఏడాదంతా అలాగే అనండి, ఏం పర్లేదు.

మాటలు కుదుర్చుకోవడం

బండిలో వాడే మాటలు ఇరవైకి మించకూడదు. వాటిని కాగితం మీద రాసి, ప్రతి మాటకూ ఒకే పని అని ఇద్దరూ ఒప్పుకోవాలి. "ఆపు" అంటే ఇప్పుడే, ఎక్కడున్నా, పూర్తిగా. "పక్కన ఆపు" వేరే మాట: ఎడమ ఇండికేటరు, అద్దం, అంచుకు చేరి ఆగడం. "నిదానం" అంటే రెండో గేరు, 20 లోపు. మెచ్చుకోలుకు "రైట్", "రైట్ రైట్" అనే అలవాటు ఉంటే ఆ గంటసేపు మానుకోవాలి, అన్న వెంటనే స్టీరింగ్ కుడికి తిరుగుతుంది. తిప్పడానికి కుడి, ఎడమ అనే మాటలే. "బేగి", "కాస్త", "చూసుకో" అనేవి అసలు వద్దు.

ముందు ఎక్కడ, తర్వాత ఏం చేయాలి అన్న వరసలో చెప్పండి. "పెట్రోలు బంకు దాటాక, ఎడమ." తిరగేసి చెబితే 'ఎడమ' దగ్గరే చెయ్యి కదిలిపోతుంది. 30లో వెళ్తున్న బండి సెకనుకు 8 మీటర్లు పైన పోతుంది. మాట విని, అర్థం చేసుకుని, అద్దం చూసి, ఇండికేటరు వేయడానికి వీళ్లకు ఆరు సెకన్లు కావాలి. అంటే మలుపు ఇంకా 50 మీటర్లు ఉండగానే మీ మాట పూర్తవాలి. ఆలస్యమైతే వదిలేయండి, తర్వాతి సందులో తిప్పించండి. తప్పిన మలుపు వల్ల ఎవరికీ ఏమీ కాదు. నడుస్తున్న బండిలో తప్పులు ఎత్తి చూపడం, "ఇందాక ఏం చెప్పాను?" అనడం అక్కర్లేదు. ఆగాక, ఇంజను ఆపాక మాట్లాడండి.

మైదానం

ప్లాట్లు వేసి ఇళ్లు కట్టని లేఅవుట్లు శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఊరికొకటి ఉన్నాయి. రోజూ ఒకే వేళకు, 25 నిమిషాలు, వారానికి నాలుగు రోజులు. ఒక పూట ఒకటే పని. కాలికి పలచని అడుగున్న బూట్లు ఉండాలి. హవాయి చెప్పులు జారి పెడల్ కింద ఇరుక్కుంటాయి.

స్టీరింగ్ పైన, సరిగ్గా నడిమధ్య, రంగు టేపు ఒక ముక్క అంటించండి. టేపు పైనుంటే చక్రాలు నేరుగా ఉన్నట్టు. "కొయ్యి" బదులు పావు చుట్టు, అర చుట్టు, ఒక చుట్టు అని చెప్పండి. చిన్న కార్లలో మధ్య నుంచి ఒక కొసకు సుమారు ఒకటిన్నర చుట్టు పైన తిరుగుతుంది. ఇది ఇంజను ఆన్ చేసి, నిలబడ్డ బండిలో ఒక్కసారి లెక్కపెట్టించండి. రివర్స్‌లో చక్రాలు ఎటున్నాయో తెలియక గాభరా పడటం ఈ టేపుతో చాలావరకు పోతుంది.

క్లచ్‌ది మొదటి వారం అంతా పడుతుంది, పట్టనివ్వండి. యాక్సిలరేటర్ ముట్టుకోకుండా, చదును నేల మీద, మడమ నేలకు ఆనించి మొదటి గేరులో క్లచ్ వదలడం:

1. పూర్తిగా నొక్కి గేరు వేయాలి.
2. ఇంజను గొంతు మారేదాకా, బానెట్ కొస కొద్దిగా లేచేదాకా వదలాలి. అదే హాఫ్ క్లచ్.
3. అక్కడ పాదం కదపకుండా నాలుగు లెక్కపెట్టాలి. బండి దానంతటదే కదులుతుంది.
4. మిగతాది ఇంకో నాలుగు లెక్కలో వదలాలి.

బండి ఆఫ్ అయిపోయేది దాదాపు ఎప్పుడూ మూడో మెట్టులోనే. కదలగానే పని అయిపోయిందనుకుని కాలు తీసేస్తారు. ఆఫ్ అయితే ఏం చేయాలో కూడా ఒక వరసగా నేర్పండి: బ్రేకు, క్లచ్, న్యూట్రల్, సెల్ఫ్. ఈ నాలుగు మెట్లూ నోటికొచ్చినవాడు విజయనగరం ఎత్తు బ్రిడ్జి మీద బండి ఆగిపోయినా, వెనక పది హారన్లు మోగినా బెదరడు. ఎత్తు మీద కదిలేటప్పుడు హ్యాండ్ బ్రేకు వేసి ఉంచి, హాఫ్ క్లచ్ దగ్గర బండి ముందుకు లాగుతున్నట్టు తెలిశాకే దాన్ని దించాలి.

అడ్డంకులకు లీటరు నీళ్ల సీసాల్లో సగం నీళ్లు పోసి వాడండి. ఇటుకలు, రాళ్లు వద్దు. టైరు కింద సీసా నలిగిన చప్పుడు సరదాగా ఉంటుంది, రాయి తగిలిన చప్పుడు భయపెడుతుంది.

రోడ్ల వరస

లేఅవుట్ తర్వాత పల్లె రోడ్డు, ఆ తర్వాత ఖాళీ వేళల్లో టౌను, చివర హైవే. ఒక మెట్టులో మూడు పూటలు వరసగా ఎవరూ బ్రేకు వేయాల్సిన పని, మాటసాయం చేయాల్సిన పని రాకపోతే తర్వాతి మెట్టు.

పల్లె రోడ్డు మీద పెద్ద సమస్య ఎదురు బండి. సింగిల్ రోడ్డులో ఒకరు మట్టిలోకి దిగాలి. తారు అంచు మట్టి కంటే నాలుగంగుళాలు ఎత్తుంటే దిగడం కాదు, ఆగడమే నయం. దిగాల్సొస్తే 10 లోపు వేగంలో, ఎడమ చక్రాలు రెండే. మళ్లీ ఎక్కేటప్పుడు స్టీరింగ్‌ను ఒక్క గుంజు గుంజితే చక్రం అంచుకు పట్టి, ఎక్కిన క్షణంలో బండి కుడివైపుకు విసిరేస్తుంది. అక్కడ ఎదురు బండి ఉంటుంది. వేగం దాదాపు ఆగేంత తగ్గించి, పావు చుట్టుతో ఎక్కించాలి. రెయిలింగ్ లేని చెరువు గట్ల మీద ఈ సాధన చేయించకండి.

నవంబరు నుంచి జనవరి దాకా రోడ్ల మీద ధాన్యం ఆరబోసి చుట్టూ రాళ్లు పెడతారు. గింజల మీద బ్రేకు పట్టదు, ఇసుక మీదలాగే జారుతుంది. రాయి కనిపించగానే రెండో గేరు, బ్రేకు పని గింజల మీదకు రాకముందే ముగించాలి. ఆ నెలల్లో తెల్లవారుజామున మంచు కూడా పడుతుంది కాబట్టి పాఠం ఎనిమిది గంటల తర్వాతే పెట్టుకోండి.

టౌనుకు ఆదివారం ఉదయం ఖాళీ అనుకుంటాం. శ్రీకాకుళంలో అరసవల్లి వైపు మాత్రం ఆ లెక్క తప్పుతుంది, సూర్యనారాయణస్వామికి ఆదివారమే జనం. ఆ రోడ్డును మామూలు రోజుకు మార్చుకోండి. ఏడు రోడ్ల కూడలి అన్నిటికంటే చివర. ఏ రోడ్డులోంచి వచ్చి ఏ రోడ్డులోకి పోవాలో ముందు కాగితం మీద గీయించి, తర్వాత కాలినడకన చూపించి, ఆ తర్వాతే బండిలో. విజయనగరంలో గంటస్తంభం, మూడు లాంతర్ల వైపు కూడా ఇదే పద్ధతి. సిరిమానోత్సవం రోజుల్లో అటు పాఠమే వద్దు.

చెవి సున్నితంగా ఉన్నవాళ్లకు హారన్ల మోత పెద్ద దెబ్బ. అద్దాలు ఎక్కించి ఏసీ వేయండి. చెవులు పూర్తిగా మూసే ఇయర్‌ప్లగ్గులు వద్దు, 108 సైరన్ వినపడాలి. టౌనుకు ముందు వారం పాటు కూడలి పక్కన ఐదు, పది, పదిహేను నిమిషాలు ఊరికే నిలబడి రావడం పనిచేస్తుంది.

కుడి మలుపు

ఇక్కడ తొందరపడకండి. ముందు బండి లేకుండా మొదలు. రోడ్డు పక్కన సురక్షితమైన చోట నిలబడి, సుమారు 90 మీటర్ల దూరంలో ఒక కరెంటు స్తంభం గుర్తు పెట్టుకోండి. ఎదురు బండి స్తంభం దాటగానే "మన దగ్గరికి రావడానికి ఎన్ని సెకన్లు?" అని అడగాలి. అంచనా చెప్పాక ఫోనులో స్టాప్‌వాచ్‌తో సరిచూడాలి. బస్సు, ఆటో, బైకు విడివిడిగా రాయించండి. పెద్ద బస్సు ఉన్నదానికంటే నెమ్మదిగా వస్తున్నట్టు అనిపిస్తుంది, బైకు ఉన్నదానికంటే దూరంగా. రోజూ ఇరవై అంచనాల చొప్పున, తేడా ఒక సెకను లోపుకు వచ్చేదాకా ఇదే పాఠం.

తర్వాత లేఅవుట్‌లో వాళ్ల మలుపు ఎన్ని సెకన్లో కొలవండి. ఆగిన చోటు నుంచి ఎదుటి వరస దాటి బండి తోక బయటపడే దాకా. కొత్తవాళ్లకు ఐదారు సెకన్లు పడుతుంది. దానికి రెండు కలపండి. ఎనిమిది వచ్చిందనుకుందాం. ఎదురు బండి 40లో వస్తుంటే ఎనిమిది సెకన్లలో 89 మీటర్లు వస్తుంది. అంటే ఆ స్తంభానికి ఇవతల ఏ బండి ఉన్నా తిరగకూడదు. హైవే డివైడర్ గ్యాపు దగ్గర 80లో వచ్చేదానికి ఇదే లెక్క 180 మీటర్లు అవుతుంది. అక్కడ కొత్తవాళ్లు తిరగకుండా ముందుకు పోయి అండర్‌పాస్ కింద తిరిగి రావడం మంచిది. దూరమైనా అదే.

మలుపు కోసం ఆగి ఉన్నంతసేపు టేపు పైనే ఉండాలి, అంటే చక్రాలు నేరుగా. ముందే కుడికి తిప్పి ఉంచితే, వెనక నుంచి ఎవరైనా గుద్దినప్పుడు బండి సరాసరి ఎదురు వాహనం కిందకు పోతుంది. చూపు వరస: ఎదురు, దూరబోయే రోడ్డు, కుడి అద్దం, మళ్లీ ఎదురు. కుడి అద్దం ఎందుకంటే, మన దగ్గర ఇండికేటరు వేసి తిరుగుతున్న కారును కూడా కుడి పక్క నుంచే బైకు దాటేస్తుంది.

చెడేది ఎక్కువగా సగం తిరిగాక. కొత్తగా ఒక బైకు కనబడగానే నిర్ణయం మార్చుకుని నడిమధ్యలో బ్రేకు వేస్తారు. ఎదుటివాడు మనం పోతామనే లెక్కతో వస్తుంటాడు. ముందు చక్రాలు మధ్య గీత దాటాయంటే, దారికి ఎదురుగా అడ్డం ఉంటే తప్ప, మొదటి గేరులో పని పూర్తి చేయాలి. ఇది లేఅవుట్‌లో సీసాల మధ్య వందసార్లు చేయించదగ్గ పాఠం. వెనకవాడి హారన్ గురించి కూడా ముందే చెప్పి ఉంచండి: అది వాడి తొందర, గ్యాపు ఉందని కబురు కాదు.

రూలు తప్పేవాళ్ల పాఠం

రూలును తుచ తప్పకుండా పాటించే మనిషికి మన రోడ్లు రోజుకో అవమానం. రాంగ్ రూట్‌లో వచ్చే ఆటోను చూసి "వాడు రాకూడదు కదా" అని అలాగే పోయేవాళ్లున్నారు, బిగుసుకుపోయి ఆగేవాళ్లున్నారు. ఈ పాఠాన్ని విడిగా, ఇంట్లో, బొమ్మ కార్లతో చెప్పండి. తప్పు వాడిది, బ్రేకు మనది. ఈ రెండూ వేర్వేరు లెక్కలు. తప్పులకు కూడా జాబితా ఉంటుందని తెలిస్తే వాళ్లకు ఊరట.

ఎదుటివాడు లైట్లు కొడితే దారి ఇస్తున్నాడని కాదు, నేనొస్తున్నా ఆగు అని. ముందు లారీ కుడి ఇండికేటరు వేస్తే అది తిరుగుతుందనే లెక్క. "ఓవర్‌టేక్ చేయి" అని వేసేవాళ్లూ ఉంటారు గానీ దాని మీద ప్రాణం పెట్టకూడదు. హారన్ తిట్టు కాదు, "పక్కనున్నాను" అని మాత్రమే. గొర్రెల మంద అడ్డొస్తే కాపరి వంక చూడక్కర్లేదు, ఆఖరి గొర్రె దాటేదాకా న్యూట్రల్‌లో ఆగాలి, మధ్యలో దూరిస్తే మంద విడిపోయి వెనకవి పరిగెత్తుతాయి.

ముందు బండికి మూడు సెకన్ల దూరం, వానలో ఐదు. ముందు బండి ఒక స్తంభం దాటగానే లెక్క మొదలుపెట్టి, మూడయ్యాకే మనం దాటాలి. పొడి రోడ్డు మీద 40లో ఉన్న కారు, తేరుకునే సమయం కలిపి, ఆగడానికి సుమారు 25 మీటర్లు తీసుకుంటుంది. 60లో 45. మధ్యలో ఖాళీ ఉంటే ఆటో దూరుతుంది. దూరనివ్వండి, మళ్లీ మూడు లెక్క.

హైవే

ఏడీహెచ్‌డీ ఉన్నవాళ్లకు టౌను కంటే 16వ నంబరు హైవేనే గండం. పని తగ్గి మనసు జారిపోతుంది, చూసేసరికి వేగం 90 దాటి ఉంటుంది. ప్రతి కిలోమీటరు రాయి దగ్గరా ఒకటే పని పెట్టండి: అద్దం, మీటరు, అద్దం. 60లో వెళ్తే నిమిషానికి ఒక రాయి వస్తుంది, అంతకంటే ఎక్కువసేపు మనసు తప్పిపోయే వీల్లేదు. ఫోను డిక్కీలో. డ్యాష్‌బోర్డు అరలో పెట్టినా చెయ్యి వెళ్తుంది. మొదట శ్రీకాకుళం సింహద్వారం దగ్గర ఎక్కి రెండు మూడు ఊళ్లు దాటి దిగిపోయేంత చాలు. ఎడమ అంచున ఎదురొచ్చే బైకులు, లైట్లు లేకుండా ఆగిన లారీలు ఉంటాయి కాబట్టి మార్జిన్‌లో నడపడం అలవాటు చేయకండి.

తట్టుకోలేనప్పుడు

కళ్లు రెప్పవేయకపోవడం, అడిగినదానికి జవాబు ఆగిపోవడం, ఒకే మాట మళ్లీ మళ్లీ అనడం, గేరు మార్చడం మరిచి బండి గొంతు పెరగడం. వీటిలో రెండు కనిపిస్తే పాఠం అయిపోయినట్టే. "పక్కన ఆపు" అనే మాట ఒక్కటి చెప్పండి. ఆగాక హ్యాండ్ బ్రేకు, నాలుగు ఇండికేటర్లు, ఇంజను ఆపి తాళంచెవి బయటకు తీయడం. ఆ తర్వాత రెండు మూడు నిమిషాలు మీరు నోరు విప్పకూడదు. ఓదార్పు మాటలు కూడా అప్పుడు మోతే. ఇంటికి బండి మీరే నడపండి. ఏం జరిగిందన్నది మర్నాడు కాగితం మీద.

టెస్టు, ఆ తర్వాత

ఆర్టీవో ఆఫీసు ట్రాక్‌ను వారం ముందే వెళ్లి చూపించండి, గేటు దగ్గర నుంచి బండి ఎక్కడ నిలబెట్టాలో దాకా. టెస్టు రోజున ఎక్కే ముందే బ్రేక్ ఇన్‌స్పెక్టరుకు ఒక ముక్క చెప్పండి: "సార్, ఒక్కొక్క పని విడిగా చెప్తే చేస్తాడు." రాయితీ అడగడం లేదు కాబట్టి చెప్పడానికి మొహమాటం అక్కర్లేదు.

లైసెన్సు వచ్చిన మొదటి మూడు నెలలు పగలే, తెలిసిన దారులే, స్నేహితులు ఎక్కకుండా. ఆ తర్వాత కొత్తది ఒక్కొక్కటే కలపండి. రాత్రి, వాన, కొత్త ఊరు మూడూ ఒకే ప్రయాణంలో రాకూడదు. రాత్రి ఎదుటివాడు హైబీమ్ వేస్తే చూపు ఎడమ అంచు తెల్లగీత మీదకు పోవాలి. గడ్డి ట్రాక్టర్లకు వెనక లైట్లు ఉండవు, అందుకే చీకట్లో 40 దాటొద్దు.

పోలీసులు ఆపే సన్నివేశాన్ని ఇంటి ముందు రెండు మూడుసార్లు ఆడించండి. ఇంజను ఆపడం, అద్దం దించడం, చేతులు స్టీరింగ్ మీద, కాగితాలు అడిగాకే తీయడం. పత్రాలు డిజిలాకర్‌లో ఉంటే చెల్లుతాయి గానీ, గాభరాలో పాస్‌వర్డు గుర్తురాదు, అసలు కాగితాలే ఒక కవరులో పెట్టండి. ఆ కవరులోనే ఒక కార్డు: "నాకు ఆటిజం ఉంది. మాట ఆలస్యం కావచ్చు. ఒక్కొక్క ప్రశ్న నెమ్మదిగా అడగండి", కింద ఇంట్లోవాళ్ల నంబరు. కార్డు వెనక పెద్ద అంకెల్లో: ప్రమాదమైతే 112, అంబులెన్సు 108, హైవే మీద బండి ఆగిపోతే 1033.